సూపరింటెండెంటు రోజరుగారు

గోదావరి కాలవ మూడు పాయలుగా చీలే చోట పెదలాకులు అనే ఊరుంది. ఆ ఊళ్లో గుర్రపుడెక్క నిర్మూలన శాఖవారి ఆఫీసుంది. ఆఫీసు కిటికీలోంచి చూస్తే కాలవ కనపడదు, కాలవంతా పరుచుకున్న గుర్రపుడెక్కే కనపడుతుంది, ఊదారంగు పూలతో పెళ్లిపందిరిలా కళకళలాడుతూ. కళకళలాడదూ మరి. శాఖ పెట్టిన కొత్తలో ఆ మొక్క ఒక్క పాయలోనే ఉండేదట. శాఖ నీడన చేరాక మూడు పాయలూ ఆక్రమించుకుంది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. గుర్రపుడెక్క ఉన్నంతకాలం శాఖ ఉంటుంది, శాఖ ఉన్నంతకాలం గుర్రపుడెక్కకి ఢోకా లేదు. ఒకళ్లనొకళ్లు కనిపెట్టుకుని బతికే ఇలాంటి కాపురాలు ఈ రోజుల్లో ఎన్ని కనపడతాయి చెప్పండి.

ఆ ఆఫీసులో వరహాలరావు సీనియర్ అసిస్టెంటు. చేరిన నాటి నుంచీ ఆయనకున్నది ఒకటే కోరిక, సూపరింటెండెంటుగా రిటైరవడం. అదేమంత గొంతెమ్మ కోరిక కాదు. సూపరింటెండెంటు కుర్చీకి చేతులుంటాయి, సీనియర్ అసిస్టెంటు కుర్చీకి ఉండవు. సర్వీసంతా చేతులు ఒళ్లో పెట్టుకుని పెళ్లిచూపుల్లో పిల్లలా కూర్చున్నవాడికి తెలుస్తుంది ఆ తేడా. పైగా ఆయన తోడల్లుడు వేరే శాఖలో సూపరింటెండెంటు చేసి దిగాడు. అత్తవారింట ఏ శుభకార్యం జరిగినా ఆయన్ని "సూపరింటెండెంటు గారూ, ఇలా ముందు వరసలోకి దయచెయ్యండి" అంటారు. వరహాలరావుని "బాబూ, ఆ వంటవాళ్ల దగ్గర కాస్త నిలబడు" అంటారు. అలా జరిగిన ప్రతిసారీ ఆయన భార్య శేషారత్నం ఇంటికొచ్చి ముక్కు చీదుకునేది.

"మా బావగారు కూడా మీలాగే ఏ పనీ చేసేవారు కాదటండి. ఆయనకి మాత్రం ఎలా వచ్చిందో" అనేది.

ఇన్నాళ్లకి దేవుడు కళ్లు తెరిచాడు. పాత సూపరింటెండెంటు రిటైరయ్యాడు, కుర్చీ ఖాళీ అయింది, సీనియారిటీ ప్రకారం వరస వరహాలరావుది. ఆయన రిటైర్మెంటు కూడా నెలల్లోకి వచ్చేసింది. ఇప్పుడు రాకపోతే ఇంక రాదు.

ఉత్తర్వు వచ్చిన రోజున ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆఫీసంతటికీ పూతరేకులు తెప్పించాడు. ఉపసంచాలకులు జగదానందం గారు అందర్నీ తన గదిలోకి పిలిచి కళ్లజోడు సర్దుకున్నారు. ఆయన ఇంట్లో భార్యతో కూడా సర్క్యులర్ భాషలోనే మాట్లాడతారని చెప్పుకుంటారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మన కార్యాలయమందలి సూపరింటెండెంటు ఖాళీ భర్తీ కాబడినది. శ్రీ రోజరు గారు రేపటి దినమున విధులలో చేరనున్నారు."

వరహాలరావు నోట్లో పెట్టుకోబోతున్న పూతరేకు చేతిలోనే పొడైపోయింది.

"ఎవరండీ ఈ రోజరు" అన్నాడు చేతికంటిన పొడి దులుపుకుంటూ.

"ఆంగ్లో ఇండియను ఆయనయ్యుంటారండి. రైల్వేలోంచి వస్తన్నారేమో" అన్నాడు అటెండరు బుల్లెబ్బాయి, అన్నీ తెలిసినవాడిలా.

మర్నాడు గుమ్మం ముందు పోలీసు జీపు ఆగింది. ముందు హెడ్ కానిస్టేబుల్ నూకరాజు దిగాడు. వెనక రోజరుగారు దిగారు. నాలుగు కాళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు, నల్లటి మూతి, బెల్జియం జాతి. దండ పట్టుకుని నిలబడ్డ బుల్లెబ్బాయి ఎవరి మెడలో వెయ్యాలో తెలీక కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి రూలు ప్రకారం సూపరింటెండెంటు మెడలోనే వేశాడు. రోజరుగారు ఆ దండని అక్కడికక్కడే చీల్చి చెండాడి, చామంతి రేకలు తుమ్ముకుంటూ లోపలికి నడిచారు.

జరిగిందేమిటంటే, పోలీసు శాఖకి వాసన పట్టే కొత్త యంత్రాలు వచ్చాయి, దాంతో కుక్కలు మిగిలిపోయాయి. సర్కారు తిండి తిన్న ఏ ప్రాణీ ఊరికే కూర్చోరాదని ఎవరో మహానుభావుడు 'మిగులు శునక సిబ్బంది సర్దుబాటు పథకం' పెట్టాడు. పోలీసుల ఆనవాయితీలో కుక్క హోదా దాన్ని పట్టుకునే మనిషి కన్నా ఒక మెట్టు పైన. ఆ మెట్టుకి సివిలు వైపు సమానమైన ఉద్యోగం సూపరింటెండెంటు. జిల్లా మొత్తం మీద అలాంటి ఖాళీ ఇదొక్కటే దొరికింది. అంతా రూలు ప్రకారమే జరిగింది, అదే ఏడుపు.

"మరి సంతకాలు ఎలాగండి" అన్నాడు వరహాలరావు, చివరి గడ్డిపోచ పట్టుకుని.

"పాదముద్ర చెల్లును. అనుబంధములో స్పష్టపరచియున్నారు" అన్నారు జగదానందం గారు.

నూకరాజు గొలుసు బుల్లెబ్బాయి చేతిలో పెట్టి, అసలు సంగతి చెప్పాడు.

"రోజరు చాలా మంచోడండి. కాపోతే వీడు ఖాళీగా కూకోలేడు. పొద్దుట లెగిస్తే పని సెప్పాలి. పని లేపోతే ఏదోటి పీకి పందిరేసేత్తాడు. ఇంట్లో పెంచుకుంటామని వచ్చినోళ్లకి కూడా ఈ మాటే సెప్పేమండి, ఒక్కడూ మళ్లీ కనపళ్లేదు. గవర్నమెంటాఫీసైతే బోల్డంత పని ఉంటాది గదాని ఇక్కడేసేరు. ఇంతకీ ఇక్కడ వీడికి పనేంటండి?"

అందరూ కిటికీలోంచి గుర్రపుడెక్క కేసి చూశారు.

"తప్పిపోయినోళ్లని ఎతికి తేడంలో వీణ్ణి మించినోడు లేడండి. గుడ్డ వాసన తగిలితే సాలు, ఆ గుడ్డ తాలూకు మనిషి ఏ లంకలో ఉన్నా సొక్కా పట్టుకుని లాక్కొచ్చేత్తాడు. కరవడండి" అని చెప్పి, నూకరాజు దాని మెడ కావలించుకుని, కళ్లు తుడుచుకుంటూ జీపెక్కాడు. ఆ గుడ్డ వాసన ముక్క ఎవరూ చెవిన పెట్టలేదు.

మొదటిరోజు రోజరుగారు పని కోసం ఎదురుచూశారు. ఒక్కొక్కళ్ల బల్ల ముందూ కూర్చుని, చెవులు రిక్కించి, మొహంలోకి చూశారు. ఆఫీసులో అలా చూసినవాడు అంతవరకు లేడు, అందరికీ అదోలా అనిపించింది. మధ్యాహ్నానికి ఆయన ఓపిక నశించి కర్టెన్లు దించారు, సందర్శకుల సోఫాలోంచి పీచు లాగారు, అటు తరవాత తన సొంత కుర్చీ కుడిచెయ్యి కొరికి పారేశారు. ఆ కుర్చీ చెయ్యి విరుగుతుంటే ఎదురుగా కూర్చున్న వరహాలరావుకి తన చెయ్యే విరుగుతున్నట్టుంది. కాని ఏమనగలడు, పై అధికారి.

జగదానందం గారు అత్యవసర సమావేశం వేశారు.

"గౌరవ సూపరింటెండెంటు గారికి పనిలేమి వలన ప్రభుత్వ ఆస్తులకు నష్టము వాటిల్లుచున్నది. కావున సిబ్బంది తమ తమ పనులలో కొంత భాగమును వారికి కేటాయింపవలయును."

"నా పనే నాకు సరిపోటం లేదండి. ఇందులోంచి దానికేం పెడతాను" అన్నాడు అకౌంటెంటు పట్టాభి.

"నాకు చేరినప్పట్నించీ ఏ పనీ అప్పజెప్పలేదండి. ముందు నాకు చెప్పండి, తరవాత దానికి చెబుదురుగాని" అంది జూనియర్ అసిస్టెంటు సుభాషిణి.

ఎంత వెతికినా ఆఫీసులో ఒక కుక్కకి సరిపడా పని దొరకలేదు. చివరికి పని అన్వేషణ ఉపసంఘం వేసి, వరహాలరావుని దానికి కన్వీనర్ని చేసి, రోజరుగారి తిండికి గుడ్లు ఉడకబెట్టి పెట్టే బాధ్యత కూడా ఆయనకే అంటగట్టి లేచిపోయారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

ఉపసంఘం కూర్చోకముందే రోజరుగారు తన పని తనే వెతుక్కున్నారు.

ఇక్కడ తువ్వాళ్ల గురించి చెప్పాలి. ఆ ఆఫీసులో ప్రతి కుర్చీకీ వెనకవైపు ఒక తువ్వాలు వేలాడుతూ ఉంటుంది. కుర్చీ మీద తువ్వాలుందంటే మనిషి ఆఫీసులో ఉన్నట్టు లెక్క. మనిషి మాత్రం మంగలి దగ్గర ఉండొచ్చు, రొయ్యల చెరువు గట్టున ఉండొచ్చు, మావగారి ఊళ్లో ఉండొచ్చు. ఎవరైనా వచ్చి అడిగితే బుల్లెబ్బాయి తువ్వాలు చూపించి "ఇక్కడే ఉన్నారండి, ఇప్పుడే అలా వెళ్లేరు" అంటాడు. తరతరాలుగా వస్తున్న ఏర్పాటు, ఎవరికీ ఇబ్బంది లేదు. కాని పోలీసు బళ్లో చదువుకున్న కుక్కకి ఖాళీ కుర్చీ, దాని మీద గుడ్డ కనిపిస్తే అర్థమయ్యేది ఒక్కటే. పాపం ఎవరో తప్పిపోయారు.

రోజరుగారు పట్టాభి తువ్వాలు ఒకసారి వాసన చూసి, ఒక్క గెంతులో గోడ దాటి వెళ్లారు. కాసేపటికి వీధంతా గోలగోల. పట్టాభి ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బు నురగతో, మెళ్లో మంగలి గుడ్డతో పరుగులాంటి నడక నడుస్తూ వస్తున్నాడు. రోజరుగారు ఆయన చొక్కా చెయ్యి పళ్లతో సుతారంగా పట్టుకుని పక్కన నడుస్తున్నారు. పట్టాభిని తెచ్చి కుర్చీలో కుదేసి, ఎదురుగా కూర్చుని తోక ఊపారు. వచ్చిన నాటి నుంచి ఆ మొహంలో సంతోషం కనపడటం అదే మొదలు.

ఆ తరవాత అడ్డూ ఆపూ లేకుండా పోయింది. సుభాషిణిని చీరల కొట్లోంచి, సగం మడత విప్పిన గద్వాల చీరతో సహా తెచ్చారు. ఫీల్డు అసిస్టెంటుని నడుం లోతు బురదతో రొయ్యల చెరువులోంచి తెచ్చారు. స్టోర్సు గుమస్తాని పక్కూళ్లో ఆయన బియ్యం కొట్టు గల్లాపెట్టె ముందునుంచి లేవదీసుకొచ్చారు. ఆయన ఆఫీసుకి రాక ఎన్నాళ్లయిందో ఏమో, పాపం తన కుర్చీ ఏదో ఆయనకే తెలీలేదు. రోజరుగారే చూపించారు.

సిబ్బంది ఊరుకుంటారా. తువ్వాలు తీసేద్దామా అంటే, తువ్వాలు లేకపోతే మనిషి లేడని లెక్క, అప్పుడు నిజంగానే వచ్చి కూర్చోవలసి ఉంటుంది. అంతకన్నా ఘోరం లేదు. పట్టాభి తెలివి ఉపయోగించి, ఒంటికి తగలకుండా కొత్త తువ్వాలు కొట్లోంచి తిన్నగా తెప్పించి వేయించాడు. రోజరుగారు దాన్ని వాసన చూసి వెళ్లి, బట్టల కొట్టు శెట్టిగారిని చేతిలో గజంబద్దతో సహా పట్టుకొచ్చి పట్టాభి కుర్చీలో కూర్చోబెట్టారు. శెట్టిగారు లేవబోతే గుర్రుమంటారు. పాపం ఆయన ఊరికే కూర్చోలేక, బల్ల మీదున్న బిల్లులన్నీ తిరగేసి సాయంత్రానికి తేల్చి పెట్టేశాడు. పట్టాభికి ఇది బొత్తిగా నచ్చలేదు. మర్నాటి నుంచి తన పాత తువ్వాలు తనే వేసుకుని, తనే వచ్చి కూర్చున్నాడు.

ఇంతలో ఉపసంచాలకుల వారి వంతు వచ్చింది. జగదానందం గారి కుర్చీకి తెల్లటి టర్కీ తువ్వాలు ఉంటుంది. ఆయన ఎప్పుడూ క్యాంపులో ఉంటారు. క్యాంపు అంటే వాళ్ల మేడ మీద ఉయ్యాలబల్ల. రోజరుగారు ఆయన్ని లుంగీ బనీనుతో, చేతిలో తమలపాకుతో తీసుకొచ్చారు. ఆఫీసంతా లేచి నిలబడింది. ఆయన లుంగీ సర్దుకుని, ఏమీ జరగనట్టు అన్నారు:

"ఇది ఆకస్మిక తనిఖీ. తనిఖీ అధికారి ఏ దుస్తులలోనైనను రావచ్చును."

ఇదంతా బాగానే ఉంది. అసలు ప్రమాదం ఎవరూ ఊహించని వైపునుంచి వచ్చింది. పొద్దున్నించి సాయంత్రం దాకా అందరూ ఆఫీసులోనే కూర్చోవలసి రావడంతో, కబుర్లు అయిపోయాయి. ఒకళ్ల రోగాలు ఒకళ్లకి చెప్పుకోవడం అయిపోయింది. పిల్లల సంబంధాలన్నీ తిరగేశారు. ఇంక తోచక, చేతులు ఊరుకోక, మొదట సుభాషిణి, తరవాత ఫీల్డు అసిస్టెంటు, తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ కాస్త కాస్త పని చేశారు. షెడ్డులో తుప్పు పట్టిన పడవలు బయటికొచ్చాయి. కూలీలకి కబురు వెళ్లింది. నెల తిరక్కుండా కాలవలో నీళ్లు కనపడ్డాయి. ఊళ్లో పిల్లలు గట్టున నిలబడి అదేమిటని పెద్దవాళ్లని అడిగారు.

రాజధానిలోని ప్రధాన కార్యాలయం నుంచి అభినందనలు వచ్చాయి. అందులో చివరి వాక్యం చదివి జగదానందం గారు నీళ్లు తాగారు. "నిర్మూలన పూర్తి అయినందున, శాఖ యొక్క ఆవశ్యకత ఇంకను ఏమి కలదో తెలియజేయవలెను" అని ఉంది.

ఆయన తలుపు వేసుకుని వరహాలరావుని పిలిచారు.

"వరహాలరావు గారూ, సంస్థ ప్రమాదములో ఉన్నది. సూపరింటెండెంటు గారిని సాగనంపవలయును. ఆ కుర్చీ ఖాళీ అయిన మరుక్షణము మీదే."

వరహాలరావు అప్పుడే జేబులోంచి కలం తీశాడు.

"అలాగేనండి. పనికిరాడని రిపోర్టు రాసేస్తానండి."

జగదానందం గారు జాలిగా చూశారు. "ఇన్నేళ్లు సర్వీసు చేసి ఈ మాత్రము గ్రహింపలేకపోయితిరా. పనికిరానివానిని కదపవలెనన్న విచారణ, సంజాయిషీ, అప్పీలు, పుణ్యకాలము గడచిపోవును. సమర్థుడని వ్రాయుడు. పై వారము ప్రమోషను మీద రాజధానికి పోవును. ప్రభుత్వములో మనిషిని వదిలించుకొను మార్గము ఇది ఒక్కటే."

వరహాలరావు ఆ సాయంత్రం లాకుల దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చుని రాయడం మొదలెట్టాడు. సర్వీసులో ఎందరికో రిపోర్టులు రాశాడు, అన్నీ బొంకులే. ఇది మాత్రం కలం పరిగెత్తింది. వేళకి వస్తారు. వెళ్లమన్నా వెళ్లరు. చిన్నా పెద్దా తేడా చూడరు. రాస్తూ రాస్తూ ఉండగా చొక్కా చెయ్యి తడిగా తగిలింది. చూస్తే రోజరుగారు. తను తువ్వాలు కుర్చీ మీద వదిలి వచ్చాడు కదా, వెతుక్కుంటూ వచ్చారు. వరహాలరావుకి ఎందుకో ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో ఆయన ఈ బల్ల మీద ఎన్నిసార్లు కూర్చుని ఉంటాడు, ఎక్కడికెళ్లావని అడిగిన పాపాన పోయినవాడు లేడు.

"నీకు మంచే రాస్తన్నాను లేవయ్యా" అన్నాడు దాని తల నిమిరి. అని, సంతకం పెట్టాడు. కుర్చీ ఆశ అలాంటిది.

జగదానందం గారు చెప్పినట్టే జరిగింది. రోజరుగారికి ప్రమోషను వచ్చింది. జీపు ఎక్కించేటప్పుడు ఆఫీసంతా కన్నీళ్లు పెట్టుకుంది, వాళ్లలో కొందరివి నిజం కన్నీళ్లు. ఆ మధ్యాహ్నమే వరహాలరావు సూపరింటెండెంటు కుర్చీలో కూర్చున్నాడు. దానికి ఎడంచెయ్యి ఒక్కటే మిగిలింది, అయినా చెయ్యే. శేషారత్నం వాళ్ల అక్కని వెంటబెట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి కళ్లారా చూసింది.

"ఆ పక్క చెయ్యేదే?" అంది అక్కగారు.

"కొత్త మోడలక్కా. ఇప్పుడు పెద్ద ఆఫీసర్లకి అలాగే వస్తన్నాయంట" అంది శేషారత్నం.

అందరూ ఎక్కడివాళ్లక్కడికి వెళ్లిపోయారు. పడవలు షెడ్డులోకి వెళ్లాయి. గుర్రపుడెక్క అయినవాళ్ల ఇంటికి తిరిగొచ్చినట్టు నింపాదిగా వచ్చి పరుచుకుంది. శాఖ గట్టెక్కింది. వరహాలరావు ఎడంచెయ్యి కుర్చీ చేతి మీద ఆనించి, ఎదురుగా వరసగా వేలాడుతున్న తువ్వాళ్లని చూస్తూ కూర్చునేవాడు. గర్వంగానే ఉండేది. మాట్లాడటానికి మనిషి లేడు, అంతే.

ఇక రాజధానిలో ఏమైందంటే, ప్రధాన కార్యాలయం అంతస్తుల మీద అంతస్తులు. ఎక్కడ చూసినా తువ్వాళ్లే. అంత పని ఒక్కచోట చూసి రోజరుగారికి పట్టపగ్గాలు లేకపోయాయి. ఊరి నలుమూలల నుంచి ఉద్యోగుల్ని తెచ్చి పోశారు. అందరూ ఒక్కసారి రావడం అన్నది ఆ భవనం కట్టాక జరగలేదు. కుర్చీకి ముగ్గురు తేలారు. మెట్ల మీద కూర్చున్నారు, లిఫ్టులో ఇరుక్కున్నారు, క్యాంటీన్లో చట్నీ అయిపోయి కొట్టుకున్నారు. సంచాలకుల వారిని వియ్యాలవారి విందులోంచి, ఆకు ముందునుంచి లేవదీసుకొచ్చారు. చేతికి పెరుగన్నంతో ఆయన ఆ రోజే ఉత్తర్వు చేశారు. "సదరు అధికారి యొక్క అత్యుత్సాహము కార్యాలయ ప్రశాంతతకు భంగకరముగా నున్నందున, వారిని పూర్వపు స్థానమునకు తక్షణమే తిప్పి పంపడమైనది" అని.

పూర్వపు స్థానం అంటే తెలిసిందే కదా. రోజరుగారు కుర్చీ ఎక్కారు, వరహాలరావు దిగాడు. ఆయన రిటైర్మెంటు ఇంక రెండ్రోజులుందనగా.

"నా నెల్లాళ్లన్నా లెక్కలోకి రావాండీ" అని అడిగాడు జగదానందం గారిని, అడక్కూడదనుకుంటూనే.

"ఆ వ్యవధిలో మీరు సూపరింటెండెంటు కారు, సూపరింటెండెంటు స్థానమున కూర్చున్న సీనియర్ అసిస్టెంటు మాత్రమే" అన్నారు ఆయన. అంటూనే ఇంకో ఉత్తర్వు మీద సంతకం చేశారు. ఈసారి ఆయన తయారుగా ఉన్నారు. "ఇకమీదట తువ్వాళ్లు నిషేధింపబడినవి. కుర్చీ ఉన్నచో మనిషి ఉన్నట్లే భావింపవలయును" అని దాని సారాంశం. ఒక్క పూటలో అన్ని కుర్చీల మీద తువ్వాళ్లూ మాయమయ్యాయి. అందరూ హాయిగా ఊళ్లోకి వెళ్లిపోయారు. వాసన చూడటానికి గుడ్డ లేక రోజరుగారు గది గది తిరిగి, ఖాళీ కుర్చీల కింద తల పెట్టి పడుకున్నారు.

వరహాలరావు మాత్రం తువ్వాలు తియ్యలేదు. దిగాలుగా ఉన్న మనిషికి ఉత్తర్వులు ఎక్కడ గుర్తుంటాయి. ఆయనకి శాలువా కప్పారు, సీనియర్ అసిస్టెంటు వరహాలరావు గారి సేవలు మరువరానివని జగదానందం గారు సర్క్యులర్ భాషలో పొగిడారు, లడ్డూ పెట్టారు, రిక్షా ఎక్కించారు. ఇంటి దగ్గర శేషారత్నం శాలువా మడిచి పెట్టెలో పెట్టింది, ముక్కు మాత్రం చీదుకోలేదు. చీదుకోకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు పొద్దున్న ఆయన ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. అరుగు మీద కూర్చుని వీధి చూశాడు. వీధి ఆయన్ని చూడలేదు. ఎన్ని గంటలైనా కూర్చోవచ్చు, లేచి పోవచ్చు, ఎవరికీ ఏమీ పట్టదు. ఇదివరకూ ఇంతే కదా అనుకున్నాడు. అయినా కాలు నిలవక గేటు దాకా వెళ్లొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

గేటు ధడాలున తెరుచుకుంది.

"ఏవండోయ్, మీ సూపరింటెండెంటు గారొచ్చారు" అని శేషారత్నం వంటింట్లోంచి కేకేసింది. ఆ గొంతులో చాలా రోజుల తరవాత నవ్వు వినపడింది.

రోజరుగారు ఆయన చొక్కా చెయ్యి పట్టుకున్నారు. ఎంత చెప్పినా వినలేదు. పెన్షను కాగితాలు తెచ్చి చూపించినా వాసన చూసి వదిలేశారు. ఆఫీసులో తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, తోక నేలకేసి కొట్టారు. జగదానందం గారికి కబురు వెళితే, క్యాంపు నుంచి జవాబు వచ్చింది. సూపరింటెండెంటు స్వయంగా తెచ్చిన మనిషిని వెళ్లమనే అధికారం ఎవరికీ లేదు, అలాగని రిటైరైన మనిషికి జీతమిచ్చే రూలూ లేదు, కాబట్టి ఉన్నచోట ఉన్నట్టు ఉండవలసింది.

సాయంత్రం వెళ్లేటప్పుడు బుల్లెబ్బాయి ఆయన చెవిలో చెప్పాడు.

"తువ్వాలు ఒగ్గేసి ఎల్లిపోయేరు గదండి, దాని మూలాన్నండి ఇదంతా. మీతోపాటు పట్టుకెల్లిపోండి. రేపట్నించి రాడు."

"ఆయ్, నిజమే" అన్నాడు వరహాలరావు. తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. రోజరుగారు ఒంటిచేతి కుర్చీలోంచి ఆయన్నే చూస్తున్నారు. ఆఫీసంతటికీ రోజరుగారికి మిగిలిన పని ఇదొక్కటే. వరహాలరావు వెనక్కి వచ్చి, మడత విప్పి, తువ్వాలు తన పాత కుర్చీ మీద దులిపి వేశాడు. మెడ దగ్గర చెమట పట్టిన వైపు పైకి వచ్చేలా వేశాడు.

ఇప్పుడు పెదలాకుల్లో రోజూ పొద్దున్నే ఆ ఇద్దరూ కాలవ గట్టు మీద కనపడతారు. చొక్కా చెయ్యి ఒకరి నోట్లో ఉంటుంది, ఒకరు పక్కన పెద్ద పెద్ద అంగలేస్తుంటారు. మొన్న తోడల్లుడు ఎదురుపడి సైకిలు ఆపాడు.

"అదేంటండీ, మీరు రిటైరయ్యేరు గదా."

"నేనయ్యానండి. ఆయనగారింకా నన్ను రిలీవ్ చెయ్యలేదు" అన్నాడు వరహాలరావు, నడక ఆపకుండా. "మీవాళ్లెవరన్నా మిమ్మల్ని మళ్లీ పిలిచేరా అన్నయ్యగారూ?"

తోడల్లుడు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ సైకిలు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.